ఫ్రెంచి తెల్ల వైను, ఫాక్‌లాండ్ రోడ్ కల్లు

పోయిన దసరాకి పెద్దనాయిన ఖోలీకి పోతూ ఒక సీసా తీసుకెళ్ళాను. ఆఫీసులో నాతో పనిచేసే అతను ఫ్రాన్సు నుంచి తిరిగొస్తూ తెచ్చి ఇచ్చాడు. లువార్ నది పక్కన వూవ్రే అనే ఊరుంది, ఆ ఊరి తెల్ల వైను అది. లేబుల్ మీద ఊరి పేరు, తోటవాళ్ళ ఇంటిపేరు, ద్రాక్ష కోసిన సంవత్సరం, కింద చిన్న అక్షరాల్లో తోటలోనే సీసాలో పోశామన్న మాట. అంతే. బొమ్మలూ గిమ్మలూ లేవు.

పెద్దనాయిన కామాటీపురాలోనే ఉంటడు. కింద దిగి నాలుగడుగులేస్తే ఫాక్‌లాండ్ రోడ్. సీసాని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూసి, "గిది ఎవరిది?" అన్నడు. ఏ కంపెనీది అని కాదు, ఎవరిది అని. ఫలానా కుటుంబం తోటది, తాతల నుంచి వాళ్ళే చేస్తున్నారంట అని చెప్పాను. "అంటే గౌండ్లోళ్ళ లెక్కనే అన్నట్టు" అన్నడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అందులో నవ్వడానికి ఏమీ లేదనిపించింది. తరతరాలుగా ఒకే చెట్టునో తీగెనో పట్టుకుని, దాని రసాన్ని పులియబెట్టి ఊరికి తాగించే ఇల్లు అక్కడా ఉంది, మన ఊళ్ళోనూ ఉండేది. ఒకరి పేరు లేబుల్ ఎక్కింది, ఇంకొకరి పేరు పోలీసు పుస్తకంలోకి ఎక్కింది. ఎందుకలా అయిందో వెతుక్కుంటూ పోతే అది మన బొంబాయి కథే అయింది.

ముందు ఊరి సంగతి. మా నాయినమ్మది కరీంనగర్ వైపు పల్లె. పెళ్ళై బొంబాయి వచ్చేదాకా కల్లు అనేది దుకాణంలో కొనే వస్తువని ఆమెకి తెలియదు. కల్లంటే ఫలానా గౌడు ఎక్కే ఫలానా చెట్టు. ఊరి బయట తాటివనం, చెరువు కట్ట మీద ఈదులు. చెట్టు సర్కారుదో పట్టాదారుదో కావచ్చు, గీత మాత్రం ఒక ఇంటిది. తండ్రి ఎక్కిన చెట్లే కొడుకు ఎక్కేవాడు. అన్నదమ్ములు వేరుపడితే చెట్లూ పంచుకునేవాళ్ళని ఆమె చెప్పేది. చలికాలంలో పోద్దాళ్ళు, అంటే మగ చెట్లు. ఎండలు ముదిరాక పండుదాళ్ళు. ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. పొద్దటి కల్లు తియ్యన, మాపటిది పులుపు. "గట్టు మీది చెట్టు కల్లు నాలుక మీద నిలుస్తది, చెరువు కిందిది నీళ్ళ లెక్క జారిపోతది" అనేది. వూవ్రే వాళ్ళు తమ కొండవాలు గురించి, నదికి దగ్గరున్న తోటల గురించి చెప్పుకునేదీ దాదాపు ఇదే. కాకపోతే వాళ్ళు పుస్తకాలు రాసుకున్నారు.

పని కూడా చిన్నది కాదు. నడుముకి ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, వెనక కత్తులు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి గెల కొసని సన్నగా చెక్కి కింద లొట్టి కట్టాలి. ఒక్క పూట ఎక్కకపోతే కోత ఎండిపోతుంది, ధార ఆగుతుంది. పండగ లేదు, జొరం లేదు. కాలు జారితే చావు, లేకపోతే జన్మంతా మంచం. అందుకే ఈ పని కూలికి పెట్టి చేయించేది కాకుండా ఇంటి పని అయింది. చెట్టు స్వభావం తెలిసినవాడే ఎక్కాలి. ద్రాక్ష తోటలో చలికాలం తీగెల్ని కత్తిరించడం కూడా అలాంటిదేనట. ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీయాలి అన్నది తండ్రి పక్కన నిలబడి నేర్చుకునేది.

ఇంకో పోలిక కూడా ఉంది. ద్రాక్ష రసానికైనా తాటి రసానికైనా పులియడానికి బయటి మందు అక్కర్లేదు. ద్రాక్ష తొక్క మీదా వైను కొట్టంలోనూ ఈస్టు ఉంటుంది, మన లొట్టిలోనూ గాలిలోనూ ఉంటుంది. చెట్టు మీద ఉండగానే లొట్టిలో కల్లు పులవడం మొదలుపెడుతుంది. ఆ తెలుపు కూడా రసం రంగు కాదు, అందులో పెరిగే ఈస్టు, బాక్టీరియాల వల్ల వచ్చేది. లొట్టి లోపల సున్నం పూస్తే పులుపు ఆగి నీరా అవుతుంది. తేడా ఎక్కడంటే, వైనులో పన్నెండు పాళ్ళ దాకా ఆల్కహాలు, ఆ పులుపూ కలిసి దాన్ని కాపాడతాయి. వూవ్రే తెల్ల వైను మంచిదైతే పదుల ఏళ్ళు నిలుస్తుంది. కల్లులో అయిదారు పాళ్ళు కూడా కష్టం, మర్నాటికి సిర్కా. సముద్రం దాటగలిగేది ఒకటి, ఊరి పొలిమేర దాటలేనిది ఒకటి. తరవాత జరిగినదాంట్లో సగం ఇక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడొక సొంత మాట. నాన్న ఉద్యోగం వల్ల నా బడి అంతా గుల్బర్గాలో, కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. కన్నడంలో కల్లు అంటే రాయి. మన కల్లుని వాళ్ళు కళ్ళు అంటారు, గుల్బర్గా వైపు ఎక్కువగా సేంది అంటారు. కళ్ళ అంటే దొంగ. చిన్నప్పుడు సెలవులకి కామాటీపుర వస్తే ఈ మూడూ కలిపి తికమకపడి తిట్లు తిన్నాను. కామాటీల చరిత్ర చదువుతుంటే అవే మూడు మాటలు వరసగా కనపడ్డాయి: రాయి మోశారు, కల్లు తాగారు, దొంగలయ్యారు.

రాయి సంగతి మనవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెప్తా. బొంబాయి ఏడు దీవులుగా ఉన్నప్పుడు మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య సముద్రం లోపలికి వచ్చేది. గవర్నరు హార్న్‌బీ కాలంలో కట్ట వేశారు, 1784 నాటికి పూర్తయింది. కట్ట వెనక ఎండిన పల్లపు నేలలో 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు కూలీలు గుడిసెలేసుకున్నారు. కామాటీలు ఉన్న చోటు కామాటీపుర. పక్కన పడిన రోడ్డుకి 1848 నుంచి 1853 దాకా గవర్నరుగా ఉన్న లార్డ్ ఫాక్‌లాండ్ పేరు పెట్టారు. ఇప్పుడది పఠ్ఠే బాపూరావ్ మార్గ్, తమాషా కళాకారుడి పేరు. ఆ పేరుతో అడ్రసు అడిగితే టాక్సీవాడికి కూడా వెంటనే తట్టదు. బయటి ప్రపంచానికి ఈ రోడ్డు తెలిసింది 1981లో వచ్చిన మేరీ ఎలెన్ మార్క్ ఫోటోల పుస్తకం వల్ల, అందులో ఉన్నది వేశ్యావాటిక. మన చాళ్ళు అందులో లేవు. పెళ్ళి సంబంధాలప్పుడు "బొంబాయి సెంట్రల్ దగ్గర" అని చెప్పుకునే ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

రాయి మోసినవాడికి సాయంత్రం ఏదో ఒకటి కావాలి. ఊరి నుంచి కల్లు రాదు. 1874లో సికింద్రాబాదు నుంచి వాడీ దాకా రైలు పడ్డాక బొంబాయికి రావడం సులువైంది కానీ లొట్టి మాత్రం రాలేదు. రైలు దిగేసరికి సిర్కా. కామాటీలకి దొరికింది ఈ దీవుల సొంత కల్లు. అదీ తక్కువది కాదు. మాహిమ్, దాదర్ వైపు కొబ్బరి తోటలు, వాటిని గీసే భండారీ కులం. కొబ్బరిది మాడీ, తాటిది తాడీ. తాడ్‌దేవ్ పేరులో తాడి చెట్టే ఉందంటారు, మజ్గావ్‌లో తాడ్‌వాడీ ఉంది, భండార్‌వాడా ఉంది. ఇంగ్లీషువాళ్ళ టాడీ కూడా ఈ తాడీయే. అమ్మే లైసెన్సులు చాలావరకు పార్సీల చేతుల్లో ఉండేవి. టోడీవాలా, దారూవాలా అన్న ఇంటిపేర్లు అక్కడి నుంచి వచ్చినవే. అంటే గీసేవాడు ఒకడు, అమ్మేవాడు ఒకడు, తాగేవాడు ఇంకెవడో. ఊళ్ళో గౌడుకీ తాగేవాడికీ మధ్య ఉన్న ఎరిక ఇక్కడ తెగిపోయింది. చెట్టు ఎవరిదో తాగేవాడికి తెలియదు. దీన్ని నేను చిన్న విషయం అనుకోను. ఎవరిదో తెలిసిన సరుకులో కల్తీ కలపడం కష్టం.

తరవాత వచ్చింది 1878 బొంబాయి ఆబ్కారీ చట్టం. మన చాళ్ళ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని ఎందుకో వదిలేస్తారు. ఈ చట్టం ప్రకారం పరవానా లేకుండా చెట్టు గీయకూడదు, గీసే ప్రతి చెట్టుకీ పన్ను కట్టాలి. చెట్లకి నంబర్లు పడ్డాయి. భండారీలు గొడవ చేశారు, పనికాలేదు. ఎందుకంత పట్టుదల? సర్కారు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. చెట్లు ఊరంతా చెల్లాచెదురుగా ఉంటాయి, రోజుకి రెండు సార్లు ధార వస్తుంది, సాయంత్రానికి సరుకు చెల్లిపోతుంది. ఎన్ని లొట్లు దిగాయో ఎవడు లెక్కపెడతాడు? అదే ఇప్పపూల సారా అయితే ఒకే చోట పెద్ద బట్టీ, ఒకే గేటు, గేటు దగ్గర ఒక గుమాస్తా. సారా నిలవ ఉంటుంది, పీపాల్లో దూరం పోతుంది. లెక్కకి ఒదిగేది సారా, ఒదగనిది కల్లు. కాబట్టి చెట్టు పన్ను పెంచుతూ పోయారు, కల్లు ప్రియమైంది, జనం బట్టీ సారాకి మళ్ళారు. ఆ తరవాత 1892లో ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపూలు ఏరుకోకూడదని కూడా చట్టం చేశారు, ఇంట్లో కాచుకోవడం కూడా పోవాలని. తేలిక మత్తుని పన్నుతో చంపి గట్టి మత్తుని లైసెన్సుతో బతికించడం అన్నమాట. నిజాం వైపు కూడా ఆబ్కారీ గుత్తలే, భూమి శిస్తుతో పాటు అదీ పెద్ద ఆదాయం. కానీ అక్కడ చెట్టు కళ్ళ ముందు ఉండేది, గౌడు ఊళ్ళో ఉండేవాడు.

ఈ మార్పుని మనవాళ్ళు ఊరకే చూస్తూ కూర్చోలేదు. 1873లో మహాత్మా ఫులే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో దాన్ని నిలబెట్టిన వాళ్ళలో తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు లాంటివాళ్ళు. ఆ ఫులే పుణె మునిసిపాలిటీ సభ్యుడిగా ఉంటూ 1880లో ఊళ్ళో దారూ దుకాణాలు పెరగడాన్ని ఎదిరిస్తూ అధికారులకి రాశారు. తేదీ చూడండి, ఆబ్కారీ చట్టం వచ్చి రెండేళ్ళు. ఆయన పోట్లాట తాటి చెట్టు మీద కాదు, సర్కారు లైసెన్సు దుకాణం మీద. తరవాత వచ్చిన మద్యనిషేధంలో ఈ తేడా పోయింది.

తేడా పోవడం ఎలా ఉంటుందో చూడాలంటే 1930లు చూడాలి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో సూరత్ జిల్లాలో ఈత చెట్లు నరికారు. 1939లో చిత్రదుర్గ జిల్లా తురువనూరులో ఈచలు మరాలు, అంటే మన ఈత చెట్లే, నరికి నిజలింగప్ప జైలుకెళ్ళారు. ఆయనే తరవాత కర్ణాటక ముఖ్యమంత్రి. బడిలో ఈ సత్యాగ్రహం సంగతి గర్వంగా చెప్పుకున్నాం. సర్కారు ఆదాయానికి గొడ్డలి పెట్టడం అందులోని ఉద్దేశం, అది అర్థమవుతుంది. చెట్టు ఎక్కి బతికేవాడు ఏమయ్యాడు అని మాత్రం అప్పుడు అడగాలని తోచలేదు. సూరత్ వైపు గీసేవాడికీ తురువనూరులో గీసేవాడికీ విగ్రహాలు లేవు.

బొంబాయి నగరంలో మద్యనిషేధం మొదట 1939 ఆగస్టు 1న వచ్చింది, ఖేర్ మంత్రివర్గం పెట్టింది. ఆ నవంబరులోనే మంత్రివర్గం రాజీనామా చేసింది, నిషేధం కూడా సడలింది. అసలైనది 1949 బొంబాయి మద్యనిషేధ చట్టం. పేరు మారి ఇప్పటికీ మహారాష్ట్రలో నడుస్తున్నది అదే. లిక్కర్ అంటే ఏమిటో చెప్పే చోట సారాలు, వైను, బీరు, తాడీ అని ఒకే వాక్యంలో వరసగా ఉంటాయి. నేను టెస్టర్‌ని. ఒకే నిర్వచనం కింద పెట్టిన రెండు వస్తువులకి ఒకే ఫలితం రాకపోతే బగ్ రాస్తాం. ఆ బగ్ మొదటి నుంచీ ఉంది. విదేశీయులకి పర్మిట్, మిలిటరీ మెస్సులకి మినహాయింపు, ఆరోగ్యం పేరుతో డబ్బున్నవాళ్ళకి పర్మిట్. ఫ్రామ్ నస్సర్వాన్‌జీ బల్సారా అనే పార్సీ పౌరుడు ఈ చట్టాన్ని సవాలు చేస్తే 1951లో సుప్రీంకోర్టు కొన్ని ముక్కలు కొట్టేసి, మిగతా చట్టాన్ని నిలబెట్టింది. హెల్త్ పర్మిట్ తెచ్చుకునే డాక్టరు చీటీ కామాటీపుర చాళ్ళో ఎవరికి ఉంటుంది?

ఆ రోజుల గురించి నాయినమ్మ చెప్పినవే ఎక్కువ గుర్తున్నాయి. తాగేవాళ్ళు తాగడం మానలేదు, దొరికేది మారింది. బెల్లం, కుళ్ళిన పండ్లు, నవసాగరం వేసి దొంగతనంగా కాచినది. మా తాత మేస్త్రీ పని చేసేవాడు, అతను ఆ సారాలో మునిగిపోయాడు. నలభై ఏళ్ళు నిండక ముందే పోయాడు. నాయినమ్మ నాలుగిళ్ళలో పనిచేసి పిల్లల్ని పెంచింది. మేం తాగుడిని ముద్దు చేసే ఇల్లు కాదని ఈ మాట రాస్తున్నా. ఆమెకి సారా అంటే కంపరం. కానీ కల్లుని మాత్రం ఎన్నడూ తిట్టలేదు. "కల్లుకి పండగ ఉంటది. సారాకి ఏముంటది, అప్పు ఉంటది" అనేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచింది కూడా సారా మీదనే. పేపర్లో ఆ వార్త చదివించుకుని "మంచిగ చేసిన్రు" అందట.

ఆ పండగ సంగతే చెప్పాలి. ఏడాదికోసారి ఎండలు మొదలయ్యేటప్పుడు ఖోలీలో మూలనున్న పోచమ్మకి నాయినమ్మ బోనం పెట్టుకునేది. బోనం అయ్యాక సాక పోయాలి. సాకకి కల్లు కావాలి. బెల్లం నీళ్ళు పోసినా నడుస్తుందని పూజారి చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. నిషేధం రోజుల్లో కల్లు ఎక్కడి నుంచి? స్టేషన్ దగ్గర నీరా దుకాణం ఉండేది, ఖాదీవాళ్ళు నడిపేవి ముంబయి స్టేషన్లలో ఉండేవి. పొద్దున్నే పోయి రెండు గ్లాసుల నీరా ముంతలో పోయించుకొచ్చేది. ఆ ముంతని ఎండ తగిలే కిటికీలో పెట్టి, పైన గుడ్డ కప్పి, పనికి పోయేది. సాయంత్రానికి నురగ. పొద్దున సర్కారు అమ్మిన ఆరోగ్య పానీయం, సాయంత్రానికి జైలుకి పంపగల నేరం, మధ్యలో ఎవరూ ఏమీ కలపలేదు. వాసన బయటికి పోకుండా ఊదుబత్తీలు వెలిగించేదట. మా నాన్న, పెద్దనాయిన తలుపు దగ్గర కాపలా. సాక పోసి, మిగిలింది ఆడవాళ్ళు తలా రెండు గుక్కలు. ఇంతమంది కలిసి రెండు గ్లాసుల కోసం ఇంత భయపడ్డారు.

ఇప్పుడు మళ్ళీ ఆ సీసా దగ్గరికి. ఫ్రెంచివాళ్ళకి అంతా సవ్యంగా జరిగిందనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్ష వేళ్ళని తినేసింది. తోటలు ఎండిపోయాయి. ఆ కరువులో ఎండుద్రాక్ష నానబెట్టి, చక్కెర నీళ్ళు కలిపి వైను అని అమ్మే వ్యాపారులు పుట్టారు. తీగెల్ని అమెరికా వేరు మీద అంటుకట్టి మళ్ళీ బతికించుకునేసరికి కల్తీ సరుకుతో ధర పడిపోయింది. 1907లో దక్షిణ ఫ్రాన్సు రైతులు లేచారు. ఆర్జెలియే అనే పల్లె నుంచి మార్సెలాఁ ఆల్బేర్ అనే తోటమనిషి మొదలుపెట్టిన ఊరేగింపులు మోంపెలియే చేరేసరికి లక్షల మంది అయ్యారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చచ్చిపోయారు. ఒక పటాలం తిరగబడింది. ఆ నెలాఖరుకే కల్తీ మీద చట్టం వచ్చింది. తాజా ద్రాక్ష రసం పులిసినదే వైను, ఇంకేదీ కాదు అని రాసుకున్నారు. 1935లో ఇంకో అడుగు: ఊరి పేరు వాడాలంటే ఆ ఊరి ద్రాక్షే అయి ఉండాలి, ఏ రకమో, ఎకరానికి ఎంత పండాలో కూడా నియమం. వూవ్రేకి ఆ గుర్తింపు 1936లో వచ్చింది. మా పెద్దనాయిన చేతిలో ఉన్న లేబుల్ మీద ఉన్నది అదే. కల్తీ జరిగినప్పుడు అక్కడి సర్కారు, రక్తం చూశాకే అనుకోండి, కల్తీవాణ్ణి పట్టుకుని తోటవాణ్ణి నిలబెట్టింది.

మన వైపు కల్తీ జరిగినప్పుడు చెట్టే దోషి అయింది. క్లోరల్ హైడ్రేటు, తరవాత ఆల్ప్రాజోలం మాత్రల పొడి, నీళ్ళలో కలిపి కల్లు అని అమ్మడం హైదరాబాదులోనూ మహారాష్ట్రలోనూ జరిగింది, జరుగుతోంది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు అలాంటిది తాగి పలువురు చనిపోయారు. ముంబయిలో 2015లో మాల్వణీ సారా వంద మందికి పైగా ప్రాణాలు తీసింది, అది మిథనాలు. వార్తల్లో రెండూ ఒకటే గంపలో. మాత్రల పొడి కలిపినదాన్ని కల్లు అని పిలవొచ్చా అన్న ప్రశ్న, 1907లో ఫ్రెంచి రైతులు వైను గురించి అడిగింది, ఇక్కడ గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. తెలుగు నేల మీద కొంత ప్రయత్నం జరిగింది. గీత సహకార సంఘాలు, చెట్టు గీసేవాడికే అన్న పథకం వచ్చాయి. 2004లో మూసేసిన హైదరాబాదు కల్లు దుకాణాలు 2014లో తెరిచారు, 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ పెట్టారు. ఊరి పేరుతో, చెట్టు పేరుతో, ఇంటి పేరుతో కల్లు మాత్రం ఇంకా రాలేదు.

మహారాష్ట్ర సంగతి ఇంకా చిత్రం. 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, రైతులకి మేలని, వైను మీద ఎక్సైజు పన్ను పదేళ్ళు తీసేశారు. నాసిక్‌లో రాజీవ్ సామంత్ తమ ఇంటి భూమిలో మొదలుపెట్టి, తల్లి సులభ పేరు మీద సులా అని పెట్టిన కంపెనీ మొదటి వైన్లు 2000లోనే వచ్చాయి. అందులో షెనిన్ బ్లాంక్ ఉంది. వూవ్రే తెల్ల వైను చేసేదీ ఆ ద్రాక్షతోనే. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైను అమ్మొచ్చని మంత్రివర్గం తీర్మానించింది. గొడవల్లో పడి అమల్లోకి రాలేదు కానీ, వైను దారూ కాదన్న మాట అప్పుడు గట్టిగా వినపడింది. 1949 చట్టంలో అదే వాక్యంలో దాని పక్కనే ఉన్న తాడీ గురించి ఆ మాట ఎవరూ అనలేదు. నాసిక్ రైతు బాగుపడితే నాకు సంతోషమే. పన్నెండు పాళ్ళది రైతు పంట, అయిదు పాళ్ళది గూండాల వ్యాపారం ఎలా అయిందన్నదే నా ప్రశ్న. ఒకదానికి భూమి ఉన్న రైతు, పెట్టుబడి, ఇంగ్లీషు లేబుల్ ఉన్నాయి. ఇంకొకదానికి మోకు, ముత్తాదు ఉన్నాయి.

దసరా రోజు భోజనాల ముందు పెద్దనాయిన ఆ సీసా మూత తీయించాడు. స్టీలు గ్లాసుల్లోనే పోశాం. ఆయన ముందు నాలుగు చుక్కలు వేలితో తీసి నేల మీద వదిలాడు, నాయినమ్మ చేసినట్టే. తరవాత ఒక గుక్క తాగి కాసేపు ఊరుకున్నాడు. "పుల్లగున్నది. మాపటి కల్లు ఇట్లనే ఉంటదని అమ్మ చెప్పేది. మంచిదే. గానీ గింత దూరం కెల్లి తెచ్చుడెందుకు" అన్నడు. లేబుల్ నీళ్ళలో నానబెట్టి ఊడదీసి నా దగ్గర ఉంచుకున్నా. నాయినమ్మ ముంత మా చిన్నత్త దగ్గర ఉంది, ఇప్పుడు అందులో తులసి మొక్క.

చాళ్ళు పడగొట్టి టవర్లు కడతామంటున్నారు. ఖోలీలు ఖాళీ చేసేటప్పుడు పాత ట్రంకు పెట్టెలు ముందు పోతాయి. మీ ఇళ్ళల్లో నిషేధం రోజుల పర్మిట్ కాగితాలు, జరిమానా రశీదులు, ఊళ్ళో గౌడు పెట్టిన చెట్ల లెక్క, చెట్టు పన్ను చీటీలు ఏవైనా ఉంటే పారేయకండి. ఉర్దూలో ఉన్నా, మోడీ లిపిలో ఉన్నా పర్వాలేదు, ఫోటో తీసి పంపండి, చదవగలిగినవాళ్ళని నేను వెతుకుతా. ముఖ్యంగా ఆడవాళ్ళ పేరు మీద ఉన్న జరిమానా రశీదులు. మా నాయినమ్మ ఒకసారి పట్టుబడిందని చిన్నత్త అంటుంది, పెద్దనాయిన ఒప్పుకోడు.